డొక్కాడితేగాని రెక్కాడదు

రెక్కాడితేగాని డొక్కాడదని మన పెద్దల మాట. కష్టజీవి చేతిని రెక్క అన్నారు, కడుపును డొక్క అన్నారు. అయితే అక్షరాలా రెక్కల మీదనే బ్రతుకు వెళ్ళదీసే వలస పక్షుల విషయంలో ఈ సామెతను తిరగవేసి చదువుకోవలసి ఉంటుంది. డొక్కలో ముందుగా దాచుకున్నది ఉంటేగాని వాటి రెక్క ఆడదు. దాచుకున్నది ఉన్నప్పటికీ గాలి అనుకూలించనిదే ఒడ్డు చేరవు. ఈ సత్యాన్ని నేను పుస్తకాలలో చదివి చాలా కాలమైనది. కానీ అది మనసుకు పట్టినది మాత్రం రెండేళ్ళ క్రిందట, ఏప్రిల్ మూడవ వారంలో, ఒక దీవి మీద పడవ కోసం రెండు రోజులు ఎదురుచూసినప్పుడే. ఆ రెండు రోజులలో చూచినదానిని, దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నీరు లేని తాబేళ్ళ దీవులు

ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణపు కొసన ఉన్న కీ వెస్ట్ పట్టణానికి పడమరగా సుమారు 113 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్య ఏడు చిన్న ఇసుక దీవులున్నాయి. 1513లో స్పెయిన్ నావికుడు పోన్స్ ద లెయోన్ అక్కడ సముద్రపు తాబేళ్ళను విస్తారంగా చూచి వాటికి తాబేళ్ళ పేరు పెట్టాడు. స్పానిష్ భాషలో తాబేలు ‘తోర్తూగ’. మంచినీటి చుక్క దొరకదని తరువాతి నావికులను హెచ్చరించడానికి ఆ పేరుకు ముందు ‘డ్రై’ అన్న ఇంగ్లీషు మాట చేరింది. అలా అవి డ్రై టార్టూగాస్ అయ్యాయి. వీటిలో గార్డెన్ కీ అనే దీవి మీద 1846లో మొదలై ఎన్నడూ పూర్తికాని జెఫర్సన్ కోట ఉంది. దాని గోడలలో కోటీ అరవై లక్షలకు పైగా ఇటుకలున్నాయని లెక్క. 1992 నుండి ఈ ప్రాంతమంతా జాతీయ వనంగా ఉంది.

అక్కడికి రహదారి లేదు. పడవలోగాని, నీటి మీద వాలే చిన్న విమానంలోగాని వెళ్ళాలి. దీవి మీద అంగడి లేదు, మొబైలు ఫోను పనిచేయదు. రాత్రి గుడారం వేసుకొని ఉండదలచినవారు త్రాగే నీటితో సహా సమస్తం తమ వెంట తెచ్చుకోవలసిందే. కమ్మింగ్‌ నుండి కారులో ఒక పగలూ కొంత రాత్రీ ప్రయాణం చేసి కీ వెస్ట్ చేరి, మరునాడు ఉదయం నేనూ, నా భార్యా, పన్నెండేళ్ళ మా అమ్మాయీ పడవ ఎక్కాము. ఒక రాత్రి ఉండి మరుసటి రోజు తిరిగి రావాలన్నది మా ఏర్పాటు. కమ్మింగ్‌ ఇంటిలో మా అమ్మ ఒక్కతే ఉంది.

మేము వెళ్ళినది ముఖ్యంగా సూటీ టెర్న్ అనే సముద్రపు పక్షుల కోసం. వీపు నల్లగా, పొట్ట తెల్లగా, తోక కత్తెర వలె చీలి ఉండే ఈ పక్షులు ఏటా పదుల వేల సంఖ్యలో ఆ పక్కనే ఉన్న బుష్ కీ మీద గ్రుడ్లు పెడతాయి. అమెరికా ప్రధాన భూభాగం చుట్టుపట్ల వీటికి ఇంత పెద్ద స్థావరం మరొకటి లేదు. రాత్రింబవళ్ళు వాటి కలకలం ఆగదు. సంతలో జనఘోష విన్నట్టే ఉంటుంది. విచిత్రమేమంటే, సముద్రం మీద బ్రతికే ఈ పక్షి ఈకలు నీటికి తట్టుకోలేవు. బాతు వలె నీటి మీద వాలి సేద తీరే అవకాశం దానికి లేదు. ఇక్కడ పుట్టిన పిల్లలు అట్లాంటిక్ మహాసముద్రం దాటి పశ్చిమాఫ్రికా తీరపు గినీ సింధుశాఖ దాకా వెళ్తాయనీ, కొన్నేళ్ళ పాటు సముద్రం మీదనే గడిపి ఆ తరువాతగాని గూడు కట్టుకోవడానికి తిరిగి రావనీ, కాళ్ళకు కడియాలు తొడిగి చేసిన పరిశీలనల వల్ల విలియం రాబర్ట్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు 1969లో లోకానికి తెలియజేశాడు.

ఉత్తరపు గాలి

మొదటి రోజు గాలి దక్షిణం నుండి వెచ్చగా వీచింది. కోట ఆవరణలోని చెట్లలో పక్షులు కొద్దిగానే ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక ఉరుములతో వాన కురిసింది. తెల్లవారేసరికి గాలి ఉత్తరానికి తిరిగి, గుడారపు తాళ్ళు తెగుతాయా అన్నంత బలంగా వీచసాగింది. సముద్రం బాగాలేదనీ, ఆ రోజు పడవ రాదనీ మధ్యాహ్నానికి తెలిసింది. మరునాడు కూడా రాలేదు.

తెచ్చుకున్న నీటిని లెక్కవేసి చూచుకున్నాము. ఒక రోజుకు సరిపడా అదనంగా తెచ్చాము గనుక పొదుపుగా వాడితే రెండు రోజులు గడుస్తుంది. అమ్మకు కబురు చేసే మార్గం మాత్రం లేదు. నా మనసు ఆ చింతలో ఉండగా మా అమ్మాయి పరుగున వచ్చి, “నాన్నా, చెట్ల నిండా పిట్టలు!” అన్నది.

వెళ్ళి చూద్దుము గదా, నిన్న ఖాళీగా ఉన్న కొమ్మలు ఈ రోజు రంగులమయంగా ఉన్నాయి. నీలిరంగు ఇండిగో బంటింగులు, ఎర్రని టానేజర్లు, పసుపు, నలుపు, తెలుపు రంగుల వార్బ్లర్లు గడ్డిలో, ఇటుకల సందులలో, మా కాళ్ళకు రెండు గజాల దూరంలో నేల మీదనే మెసలుతున్నాయి. భయపడి ఎగిరిపోయే ఓపిక కూడా వాటికి లేదు. పక్షి పరిశీలకులు దీనిని ‘ఫాలౌట్’ అంటారు. మనం పక్షుల వాన అనవచ్చు. చూచేవారికి అది పండుగ. పక్షులకు మాత్రం అది ప్రాణసంకటం.

దీనికి కారణం గ్రహించడం కష్టం కాదు. వసంతకాలంలో ఈ పక్షులు దక్షిణ, మధ్య అమెరికాల నుండి ఉత్తరానికి వస్తాయి. కొన్ని క్యూబా మీదుగా, మరికొన్ని మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం నుండి సూటిగా సింధుశాఖ దాటి వస్తాయి. సూర్యాస్తమయం తరువాత, దక్షిణపు గాలి వీచే రాత్రి చూచుకొని బయలుదేరతాయి. చిన్న పిట్ట నిశ్చలమైన గాలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుందనుకుందాం. దాటవలసిన నీరు 900 కిలోమీటర్లనుకుందాం. గాలి లేకుంటే ఇరవై రెండున్నర గంటలు పడుతుంది. వెనుక నుండి 25 కిలోమీటర్ల గాలి తోడైతే వేగం 65కు పెరిగి, ప్రయాణం పద్నాలుగు గంటలలో ముగుస్తుంది. అదే గాలి ఎదురైతే వేగం 15కు పడిపోయి, ప్రయాణం అరవై గంటలవుతుంది. రెక్కల కష్టం గంటకు అంతే, కానీ గంటలు నాలుగు రెట్లకు మించాయి.

వాతావరణ వార్తలలో ‘కోల్డ్ ఫ్రంట్’ అని వినేది సరిగ్గా ఇటువంటి మార్పునే తెస్తుంది. ఉత్తరం నుండి దిగివచ్చే బరువైన చల్లగాలి, తేమతో నిండిన వెచ్చని గాలి క్రిందకు చొరబడి దానిని పైకి నెడుతుంది. పైకి లేచిన గాలి చల్లబడి, అందులోని ఆవిరి మేఘమై వర్షిస్తుంది. ఆ సరిహద్దు దాటిపోగానే గాలి ఉత్తరానికి తిరుగుతుంది. నడి సముద్రం మీద ఉన్న పిట్టకు వెనుకకు పోయే దారీ ఉండదు, ముందుకు సాగే శక్తీ ఉండదు. కంటికి కనిపించిన మొదటి నేల మీద రాలిపోతుంది. మా పడవను ఆపిన గాలీ, ఆ పిట్టలను మా ముందు రాల్చిన గాలీ ఒకటే!

కొవ్వు అనే ఇంధనం

రసాయన శాస్త్రం చదివినవానికి ఈ ప్రయాణంలో అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించేది ఇంధనం సంగతి. కమ్మింగ్‌లో మార్చి నెలాఖరుకు మన పెరటి డెక్కుల మీదికి వచ్చే హమ్మింగ్‌బర్డును పాఠకులు చూచే ఉంటారు. దాని బరువు మామూలుగా మూడు గ్రాములు. అందులో చాలా వాటికి శీతాకాలపు నివాసం మెక్సికో, మధ్య అమెరికా దేశాలు. వలసకు ముందు అది విపరీతంగా తిని, దాదాపు రెట్టింపు బరువు కాగలదు. అలా పెరిగిన బరువంతా ఇంచుమించు కొవ్వే.

కొవ్వే ఎందుకు? ఒక గ్రాము కొవ్వు దహనమైతే సుమారు 9 కిలోకేలరీల శక్తి వస్తుంది. పిండిపదార్థమైతే 4 మాత్రమే. అంతటితో ఆగలేదు. శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకునేటప్పుడు దానితోపాటు సుమారు మూడు రెట్ల నీటిని కూడా పట్టి ఉంచుతుంది. కొవ్వుకు నీరు గిట్టదు గనుక అది పొడిగా నిలువ ఉంటుంది. లెక్క చూడండి: రెండు గ్రాముల కొవ్వు ఇచ్చే 18 కిలోకేలరీలను గ్లైకోజెన్‌గా మోయాలంటే నాలుగున్నర గ్రాముల గ్లైకోజెన్, పదమూడున్నర గ్రాముల నీరు, వెరసి 18 గ్రాములు కావాలి. మూడు గ్రాముల పిట్ట తనకు ఆరు రెట్ల మూటతో గాలిలోకి లేవగలదా?

మరొక విశేషం నీటిది. పామిటిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లపు అణువు ఒకటి పూర్తిగా ఆక్సీకరణం చెందితే పదహారు బొగ్గుపులుసు వాయువు అణువులతోపాటు పదహారు నీటి అణువులు పుడతాయి. తూచి చూస్తే, 256 గ్రాముల ఆమ్లం నుండి 288 గ్రాముల నీరు! కాలినదానికంటె పుట్టిన నీరే ఎక్కువ. ఇందులో గారడీ ఏమీ లేదు. గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలిసింది, అంతే. ఊపిరిలో పోయే తేమను పక్షి కొంతవరకు ఈ నీటితోనే పూడ్చుకుంటుంది. ఒక్క మూటే ఇంధనమూ, దాహం తీర్చే కుండా అవుతున్నది.

కొవ్వుతోపాటు కొంత మాంసకృత్తు కూడా ఖర్చవుతుంది. ఆ మేరకు కండరాలు, జీర్ణాంగాలు క్షీణిస్తాయి. ఎదురుగాలి వల్ల కొవ్వు ముందే అయిపోతే కండ కరగడం ఇంకా ఎక్కువవుతుంది. దీవి మీద నేల బారున మెసలిన ఆ వార్బ్లర్ల రొమ్ము ఎముక గరుకుగా పైకి తేలి కనిపించడానికి కారణం ఇదే. సింధుశాఖ దాటలేక నీటిలో పడిపోయే వాటిని లెక్కించేవారెవరు?

దారి చెప్పేదెవరు?

ఇంధనం ఉన్నా దారి తెలియాలి గదా! ఈ ప్రశ్నకు ఆధునిక పరిశోధన మొదలైన తావులలో ఈ దీవులు ఒకటి. 1907లో జాన్ వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇక్కడి టెర్న్ పక్షులకు రంగు గుర్తులు వేసి, ఓడలో ఉత్తర కరొలైనాలోని హాటెరాస్ అంతరీపం దాకా పంపి వదిలిపెట్టించాడు. వాటిలో కొన్ని కొద్ది రోజులలోనే తమ గూళ్ళకు తిరిగివచ్చాయి. 1913లో కార్ల్ లాష్లీతో కలిసి టెక్సస్ తీరపు గాల్వెస్టన్ వైపు కూడా పంపి చూచాడు. దారి పొడవునా ఒక కొండ గుర్తు, చెట్టు గుర్తు లేని సముద్రం మీదుగా కూడా అవి రాగలిగాయి. ఆయన పరిశీలనలు చేసిన బర్డ్ కీ అనే దీవి 1930లలో తుపానుల తాకిడికి సముద్రంలో కలిసిపోయింది. పక్షులు పొరుగు దీవికి మారి తమ కాపురం కొనసాగిస్తున్నాయి.

సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం, ఈ మూడూ పక్షులకు దిక్సూచులని ఆ తరువాతి పరిశోధనలు తేల్చాయి. 1960లలో స్టీఫెన్ ఎమ్లెన్ ఇండిగో బంటింగులను కృత్రిమ ఆకాశం గల గదిలో ఉంచి, ఆకాశం ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో దానినే అవి ఉత్తరంగా నేర్చుకుంటాయని చూపాడు. మనవారు ధ్రువనక్షత్రాన్ని చూచి దిక్కు తెలుసుకున్నట్టే!

అయస్కాంత దిక్సూచి కథ రసాయన శాస్త్రానిది. భూమి అయస్కాంత బలం ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ అయస్కాంతంలో వందవ వంతు. అంత అల్పమైన బలం ఒక అణువును ఎలా ప్రభావితం చేస్తుంది? 1978లో క్లాస్ షుల్టెన్ ఒక ఊహ ప్రతిపాదించాడు. దానిని అనుసరించి నేడు శాస్త్రజ్ఞులు చెప్పేది ఇది: పక్షి కంటిలోని క్రిప్టోక్రోమ్ అనే మాంసకృత్తు మీద నీలికాంతి పడినప్పుడు ఒక ఎలక్ట్రాన్ ఒక చోటి నుండి మరొక చోటికి దూకి, జంట రాడికళ్ళు ఏర్పడతాయి. ఆ జంటలోని ఒంటరి ఎలక్ట్రాన్ల స్పిన్ ఒకే దిశలో ఉన్నదా, ఎదురుగా ఉన్నదా అన్నదానిని బట్టి చర్య ఫలితం మారుతుంది. ఆ తూకాన్ని అటో ఇటో మొగ్గించడానికి భూమి అయస్కాంత క్షేత్రం చాలు. యూరోపియన్ రాబిన్ పిట్ట క్రిప్టోక్రోమ్-4 పరీక్షనాళికలో అయస్కాంతానికి స్పందిస్తుందని 2021లో ఆక్స్‌ఫర్డ్, ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయాల వారు నిరూపించారు. సజీవ పక్షి కంటిలో కూడా ఇదే జరుగుతున్నదని నిర్ధారించే పని ఇంకా సాగుతున్నది.

గేదెల వెంట తిరిగే కొంగ

రెండవ రోజు కోట లోపలి పచ్చిక మీద ఒక తెల్లకొంగ నిలబడి ఉంది. మన ఊళ్ళలో గేదెల వెంట తిరుగుతూ, గిట్టల తాకిడికి లేచే మిడతలను పట్టి తినే కొంగకు ఇది దగ్గరి చుట్టం. దీని పూర్వీకులు ఆఫ్రికా నుండి అట్లాంటిక్ దాటి, పందొమ్మిదవ శతాబ్దం చివరికి దక్షిణ అమెరికా చేరాయి. 1940ల నాటికి ఫ్లోరిడాలో కనిపించాయి. ఎవరూ తీసుకురాలేదు. తమ రెక్కల కష్టంతో వచ్చి, పశువులున్న చోటల్లా స్థిరపడ్డాయి.

కానీ ఈ దీవి మీద పశువులు లేవు, కొంగకు చాలినన్ని పురుగులూ లేవు. దూరం నుండి పచ్చగా కనిపించిన గడ్డిని నమ్మి వాలిన కొంగలు అనేకం ఇక్కడ ఆకలితో మరణిస్తాయి. మేము చూచిన కొంగ రెండడుగులు వేసి ఆగుతున్నది, మళ్ళీ రెండడుగులు వేస్తున్నది. మా అమ్మాయి తన వంతు నీళ్ళ సీసా తెచ్చి, “దీనికి పోయనా నాన్నా?” అని అడిగింది. పక్షుల కోసం అక్కడ చిన్న నీటి తొట్టి ఉన్నదనీ, దానికి కావలసినది నీరు కాదనీ, వనంలో జంతువులకు ఆహారం పెట్టడం నిషిద్ధమనీ చెప్పాను. అది కాసేపు ఊరకుండి, “మనకు రేపో ఎల్లుండో పడవ వస్తుంది. దీనికి?” అన్నది. నా దగ్గర సమాధానం లేదు. మరునాటి ఉదయం ఆ కొంగ చెట్టు క్రింద పడి ఉంది.

ఆ మధ్యాహ్నానికి గాలి తగ్గింది, పడవ వచ్చింది. ఆ రాత్రి గాలి దక్షిణానికి తిరిగితే, తొట్టిలో నీరు త్రాగి, దొరికిన పురుగులతో కొంత కోలుకున్న చిన్న పిట్టలు కూడా తమ దారిన పోయి ఉంటాయి.

మన పెరళ్ళే దీవులు

కీ వెస్ట్ రేవులో ఫోను పనిచేయగానే అమ్మతో మాట్లాడాను. అమ్మది సూళ్ళూరుపేట ప్రాంతం. ఈశాన్య రుతుపవనాల వానలకు పులికాట్ సరస్సు నిండిన తరువాత ఫ్లెమింగోలు దిగడం, నేలపట్టు చెరువు చెట్ల మీద గూడబాతులు పిల్లలను చేయడం చూస్తూ పెరిగిన మనిషి. “నీళ్ళ మీది గాలి మన చేతిలోదా నాయనా! తగ్గాక వస్తారనే అనుకున్నాను” అన్నది. మేము లేని రోజులలో హమ్మింగ్‌బర్డు సీసా ఖాళీ కాకుండా, గ్లాసు చక్కెరకు నాలుగు గ్లాసుల నీళ్ళు కొలిచి పోస్తూ వచ్చిందట. ఆ పాళ్ళు నేను చెప్పినవే. రంగు కలపనక్కరలేదు, కలపకూడదు. ఎండ రోజులలో రెండు రోజులకొకసారి సీసా కడిగి మార్చాలి.

గాలి మన చేతిలో లేదు. పక్షి వాలిన చోటు ఎలా ఉంటుందన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. 1990 జనగణనలో ఫార్సైత్ కౌంటీ జనాభా సుమారు 44 వేలు. 2020లో 2 లక్షల 51 వేలు. ఆ పెరుగుదలలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఒకప్పుడు అడవి ఉన్న చోట నేడు మన ఇళ్ళున్నాయి. అలసి దిగే పిట్టకు మన పెరడే ఇప్పుడు దీవి. అది నీటి తొట్టి ఉన్న దీవియా, కొంగను మోసగించిన పచ్చికా అన్నది మనం నిర్ణయించవలసినది. 1970 నుండి ఉత్తర అమెరికాలో పక్షుల సంఖ్య దాదాపు 300 కోట్లు తగ్గిందని 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అమెరికాలో అద్దాలకు కొట్టుకొని చనిపోయేవే ఏటా 36 కోట్లకు తక్కువ కాదని 2014 నాటి అంచనా.

చేయదగిన పనులు కష్టమైనవి కావు. ఏప్రిల్, మే నెలలలోనూ, సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనూ అర్ధరాత్రి దాటాక బయటి దీపాలు ఆర్పివేయాలి. వెలుగు చూచి పక్షులు దారి తప్పుతాయి. పెద్ద కిటికీ అద్దాలకు వెలుపలి వైపు రెండంగుళాల ఎడంతో చుక్కలు అంటించాలి. పచ్చికకు పురుగుమందు తగ్గించి, ఒక మూలనైనా ఈ నేలకు చెందిన ఓక్ వంటి చెట్లను పెరగనివ్వాలి. వాటి ఆకులను తినే గొంగళిపురుగులే వార్బ్లర్లకు అన్నం.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, హిందూపురం ప్రాంతపు వీరాపురంలో ఊరి నడుమ చెట్ల మీద గూళ్ళు కట్టే పెద్ద పక్షులకు ఊరివారే కాపలా. ఆ వచ్చేవి తమవేనని వారి నమ్మకం. ఆ అలవాటును మనం సముద్రం దాటి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నామనుకుంటే, ఇక్కడ దానిని వాడుకలో పెట్టవలసిన సమయం ఇదే. నీళ్ళ సీసా చేత పట్టుకొని మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇంతే.